వంటశాలలో దేవుని సన్నిధి : సహోదరుడు లారెన్సు జీవితము

ఈ శతవార్షిక సంచికలో మన డయోసీసు స్థాపకులను గూర్చి, తొలి మిషనరీలను గూర్చి, గుడి కట్టించిన పెద్దలను గూర్చి వ్రాయుటకు నాకంటె తగినవారు చాలమంది ఉన్నారు. నన్ను కూడ ఏదైన వ్రాయమని సంచిక కమిటీవారు అడిగినప్పుడు, 22 సంవత్సరములు బాలికల హాస్టలులో వంట చూచుకొన్న మనిషిని, నాకు చరిత్ర ఏమి తెలియును అన్నాను. అయితే ఒక వంటవాని చరిత్రే వ్రాయండి అమ్మగారూ అన్నారు, నవ్వుచు. ఆ మాట నాకు నచ్చినది. అటువంటి వంటవాడు నాకొకరు తెలియును. ఆయన మన దేశస్థుడు కాడు, మన సంఘమువాడును కాడు. చనిపోయి 300 సంవత్సరములు దాటినది. ఆయన పేరు సహోదరుడు లారెన్సు.

బ్రదర్ లారెన్సు అను పేరు మనలో చాలమంది ప్రసంగములలో వినియుందురు. వంట చేయుచు, గిన్నెలు తోముచు దేవునితో మాటలాడిన భక్తుడని ఒక్క వాక్యములో చెప్పి పాదిరిగారు తరువాతి సంగతికి వెళ్లిపోవుదురు. నేనును చాల కాలము అంతమట్టుకే విన్నాను. ఆ ఒక్క వాక్యము చెవికి తియ్యగానే ఉండును గాని, నావంటి దానికి అది పెద్ద చిక్కు తెచ్చినది. తెల్లవారుజామున 4 గంటలకు లేచి, తడి కట్టెలు ఊదుకొనుచు, 120 మంది పిల్లలు బడి గంటకు ముందే తినవలెనని పరుగులెత్తు మనిషికి దేవుని తలంపు ఎక్కడనుండి వచ్చును? ఆయనకు వచ్చినది, నాకు రాలేదు. కాబట్టి ఆయన భక్తుడు, నేను కాను అని తేల్చుకొన్నాను. చాల ఏండ్ల తరువాత ఆయన జీవితమును పూర్తిగా చదివితే, ఆయనకు కూడ అది అంత సులువుగా రాలేదని తెలిసినది. అందుకే దీనిని వ్రాయుచున్నాను.

ఆయన అసలు పేరు నికొలాసు హెర్మన్. 1614 ప్రాంతములో లొరేన్ సీమలో, లూనెవిల్ పట్టణము దగ్గర ఎరిమెనిల్ అను చిన్న గ్రామములో పుట్టాడు. లొరేన్ ఇప్పుడు ఫ్రాన్సు దేశములో ఒక భాగము; ఆ దినములలో డ్యూకుల ఏలుబడిలో ఉండిన వేరు సీమ. తలిదండ్రులు భక్తిగలవారు గాని పేదవారు. కుమారుని పెద్ద చదువులు చదివించు స్తోమతు లేదు. నికొలాసు చివరివరకు పండితుడు కాలేదు.

అది ఐరోపా ఖండమునకు చెడ్డకాలము. 1618లో ఆరంభమైన యుద్ధము 1648 వరకు ఆగలేదు. అందుకే దానికి ముప్పది సంవత్సరముల యుద్ధమని పేరు. కాథొలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు మధ్య మొదలైన ఆ పోరాటములో రాజుల అత్యాశ కూడ కలిసి, ఎవరు ఎవరితో ఎందుకు పోరాడుచున్నారో తెలియని స్థితి వచ్చినది. సైన్యము దాటిపోయిన ఊరిలో గింజ ఉండదు, పశువు ఉండదు. వెనుకనే కరవు, తెగులు వచ్చును. అటువంటి కాలములో నికొలాసు సిపాయిగా చేరాడు. ఒకసారి జర్మను సిపాయిలు అతనిని పట్టుకొని, వేగులవాడని అనుమానించి, ఉరి తీయుదుమని బెదిరించారు. తాను వేగులవాడను కానని, మనస్సాక్షిలో నేరము లేదు గనుక చావునకు భయము లేదని అతడు నెమ్మదిగా జవాబిచ్చాడు. ఆ నెమ్మది చూచి అధికారులు విడిచిపెట్టారు. తరువాత 1635లో స్వీడను సైన్యము రాంబర్‌విలే పట్టణము మీద పడినప్పుడు గాయపడి, తలిదండ్రుల యింటికి చేరుకొన్నాడు. అంతటితో సిపాయి బ్రతుకు ముగిసినది. కుంటి కాలు మాత్రము మిగిలినది. క్రైస్తవులు క్రైస్తవులను నరికిన ఆ యుద్ధమునుండి ఇంత సాత్వికుడైన మనుష్యుడు బయటికి వచ్చుట నాకెప్పుడును వింతగానే తోచును.

అతని మారుమనస్సు గూర్చి ఒక చిన్న సంగతి ఉన్నది. అప్పటికి 18 ఏండ్ల వయసు. చలికాలములో ఒక చెట్టును చూచాడు. మన ఊళ్లలో వేపచెట్టు ఆకు రాల్చినను పది దినములలో లేత చిగురు వేయును గనుక, మోడు అంటే ఏమిటో మనకు సరిగా తెలియదు. ఆ చలి దేశములలో నెలల తరబడి చెట్లన్నియు ఎండు కట్టెలవలె నిలిచియుండును. చచ్చినదో బ్రతికినదో చూపునకు తెలియదు. అట్టి చెట్టును చూచి, కొద్ది కాలములో దీనికి ఆకులు వచ్చును, ఆ తరువాత పువ్వులు, కాయలు వచ్చును గదా అని తలంచాడు. అంతే. స్వరము వినబడలేదు, వెలుగు కనబడలేదు. అయితే ఆ క్షణమున దేవుని శక్తిని గూర్చి, ఆయన కాపుదలను గూర్చి హృదయములో పడిన ముద్ర చెరిగిపోలేదని, 50 ఏండ్లు దాటిన వయసులో ఆయనే చెప్పారు.

అంత గొప్ప ముద్ర పడినను, ఆ వెంటనే భక్తుడైపోలేదు. మఠములో చేరుటకు ఇంకను ఎనిమిదేండ్లు పట్టినది. ఆ మధ్యలోనే యుద్ధము, గాయము. కొంతకాలము లోకమును విడిచి ఏకాంతవాసిగా ఉండి చూచాడు. ఒక దినము సంతోషము, మరునాడు దుఃఖము. ఒక పూట భక్తి, మరు పూట వెలితి. ఏ నియమమును, పెద్దల అదుపును లేని ఆ ఒంటరి బ్రతుకు తనకు సరిపడదని గ్రహించాడు. తరువాత పారిసు నగరములో ఫియుబే అను ఖజానా అధికారి యింట బంట్రోతుగా కుదిరాడు. అక్కడ తాను చేసిన ఘనకార్యము చేతికి దొరికిన ప్రతి వస్తువును పగులగొట్టుటయేనని ఆయనే తరువాత చెప్పుకొన్నారు. మనిషి పెద్ద ఆకారము, మొరటు చేతులు, కుంటి నడక. గాజు సామాను, పింగాణి పళ్లెములు నిండిన ధనికుని ఇంట్లో అట్టివాని గతి ఏమగునో చెప్పనక్కరలేదు.

1640లో, 26 ఏండ్ల వయసున, పారిసులో వొజిరార్ వీధిలో ఉన్న కార్మెలు సభ మఠములో ప్రవేశించాడు. వారు బూట్లు మాని చెప్పులు మాత్రమే తొడుగుకొను కఠిన నియమము గల సన్యాసులు. చదువు లేదు గనుక గురువు కాలేదు. పనిపాటలు చేయు సేవక సహోదరుడుగా తీసికొన్నారు. లారెన్సు అను క్రొత్త పేరు పెట్టారు. రెండేండ్ల తరిఫీదు తరువాత 1642 ఆగస్టు 14న జీవితకాలపు ప్రమాణము చేశారు.

అక్కడికి ఆయన ఏ ఆశతో వెళ్లినారో తెలిసికొంటే మనకు నవ్వు వచ్చును, కన్నీరును వచ్చును. తన మొరటుతనమునకు, తప్పులకు అక్కడ తగిన శిక్ష దొరుకునని, తన ఒళ్లు హూనమగునని, ఆ విధముగా తన బ్రతుకును దేవునికి బలిగా అర్పింపవచ్చునని అనుకొన్నారట. తీరా చూస్తే అక్కడ సంతృప్తి తప్ప మరేమియు దొరకలేదని, దేవుడు తనను మోసపుచ్చెనని చమత్కారముగా చెప్పేవారు. ఇది ముసలితనములో వెనుదిరిగి చూచి చెప్పిన మాట. నడుమ జరిగినది వేరు.

మఠములో ఆయనకు అప్పగించిన పని వంట. ఆ పని ఆయనకు స్వభావరీత్యా ఇష్టములేని పని. ఈ సంగతిని ప్రసంగములలో ఎవరును చెప్పరు. వంట మీద ప్రీతిగలవాడు గరిటె త్రిప్పుచు దేవుని స్తుతించుటలో వింత లేదు. వెగటు గల పనిలో 15 సంవత్సరములు గడిపిన మనిషి ఆయన. మఠపు వంటశాల అంటే ఒక వైపు పొయ్యిల సెగ, ఒక వైపు అంట్ల చప్పుడు. ఒకేసారి నలుగురు నాలుగు వస్తువులు అడుగుచుందురు. హాస్టలులో పెద్ద గుండిగల ముందు నిలిచినవారికి ఆ గోల వేరే వర్ణించి చెప్పనక్కరలేదు.

అంతకంటె పెద్ద కష్టము లోపల ఉన్నది. మఠములో మొదటి పదేండ్లు ఆత్మలో ఎంతో శ్రమపడ్డానని ఆయన ఒక ఉత్తరములో వ్రాశారు. తాను కోరినంతగా దేవునికి సమర్పించుకొనలేదను దిగులు, పాత పాపములు ఎప్పుడును కండ్లయెదుట నిలిచియుండుట, యోగ్యత లేని తనకు దేవుడు ఇంత మేలు ఎందుకు చేయుచున్నాడను కలవరము, ఇవన్నియు కలిసి ఆయనను పట్టి పీడించినవి. పడుట, మరల లేచుట, ఇదే దినచర్య. మనుష్యులు, తన సొంత బుద్ధి, చివరికి దేవుడు కూడ తనకు విరోధముగా నిలిచినట్లును, విశ్వాసము ఒక్కటే తన పక్షమున ఉన్నట్లును తోచినదట. ప్రార్థనకు నియమించిన గంట అంతయు పరుగెత్తు తలంపులను తరుముటతోను, మరల వాటి వెంటనే పోవుటతోను గడిచిపోయేది. భక్తులు వ్రాసిన ధ్యాన పద్ధతుల పుస్తకములు చదివి చూచారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క మార్గము. అవి తనకు త్రోవ చూపకపోగా తికమక పెట్టినవని ప్రక్కన పెట్టారు.

ఆ శ్రమలలో అతి భయంకరమైనది ఒకటి నాలుగేండ్లు సాగినది. తాను తప్పక నరకమునకు పోవుదునని ఆయన నమ్మారు. అది గట్టి నమ్మకము. లోకములోని మనుష్యులందరు కలిసి వచ్చి కాదని చెప్పినను మార్చలేని నమ్మకము. మన పుస్తకములలో భక్తుల సందేహములను రెండు పంక్తులలో తేల్చివేయుదురు. నాలుగేండ్లు అంటే 1,400 దినములకు పైగా. ప్రతి దినము లేవవలెను, నిప్పు రాజేయవలెను, కూరలు తరుగవలెను, సహోదరులకు వడ్డింపవలెను. తన ఆత్మ నాశనమగునని నమ్ముచునే ఇదంతయు చేయవలెను.

దీనినుండి ఆయన ఎట్లు బయటపడ్డారు? దర్శనము కలుగలేదు. ఎవరును చేతులుంచి ప్రార్థింపగా పోలేదు. తనలో తాను ఈ విధముగా ఆలోచించుకొన్నారు. నేను ఈ మఠమునకు వచ్చినది దేవుని ప్రేమ కొరకే. నేను చేసినదంతయు ఆయన నిమిత్తమే చేయ ప్రయత్నించితిని. నేను రక్షింపబడినను, నశించినను, బ్రతికినంత కాలము ఆయనను ప్రేమించియే పని చేయుదును. నా అంతము ఏమైనను, చావువరకు ఆయనను ప్రేమించుటకు చేతనైనది చేసితినను ఈ మేలైనను నాకు మిగులును. ఇట్లు నిశ్చయించుకొన్న తరువాత, పరలోకమును గూర్చిన ఆశగాని, నరకమును గూర్చిన భయముగాని ఆయన పనిని నడిపింపలేదు. మిగిలిన దినములన్నియు ఈ కలవరములోనే గడచిపోవునేమో, కానిమ్మని ఒప్పుకొన్న తరువాత, ఒకనాడు ఉన్నట్టుండి తన ఆత్మ మారిపోయినదని, లోతైన నెమ్మది కలిగినదని వ్రాశారు. నెమ్మది కావలెనని వెదకినంత కాలము అది దొరకలేదు. అది లేకున్నను ఉందునని ఒప్పుకొన్నప్పుడు వచ్చినది.

నా మట్టుకు నేను ఆయన జీవితమంతటిలో ఈ భాగమునే మరల మరల చదివియున్నాను. నా భర్త పోయిన తరువాత దాదాపు రెండేండ్లు నాకు ప్రార్థన రాలేదు. గుడిలో అందరితో నిలిచి పెదవులు కదిపేదానను. లోపల ఎండిపోయిన బావివలె ఉండేది. పరిచర్యకు వచ్చిన ఒకరు నాలో విశ్వాసము తక్కువగా ఉన్నదని అన్నారు. అప్పుడు ఈ సంగతి నాకు తెలిసియుంటే ఎంత ఆదరణగా ఉండేదో!

ఇక ఆయన అభ్యాసమును గూర్చి. అది పద్ధతి అనదగినంత పెద్దది కాదు. వంటశాలలో పని మొదలు పెట్టునప్పుడు, నీవు నాతో ఉండి ఈ పని చక్కగా చేయుటకు కృపనిమ్మని దేవుని అడుగుట. పని నడుమ ఆయనతో చిన్నచిన్న మాటలు. నేర్చుకొన్న ప్రార్థనలు కావు, పక్కన ఉన్నవారితో మాటలాడినట్లు. పని ముగిసిన తరువాత ఎట్లు జరిగినదో చూచుకొనుట. బాగుగా జరిగితే స్తోత్రము; చెడితే క్షమాపణ. మనస్సు ఎక్కడికో పోయినదని తెలిసినప్పుడు, తన్ను తాను తిట్టుకొనక, చెయ్యి పట్టుకొని తెచ్చినట్లు మెల్లగా వెనుకకు తెచ్చుకొనుట. తప్పు చేసినప్పుడు, నీవు నన్ను విడిచితే నేనెప్పుడును ఇట్లే చేయుదును, నన్ను పట్టుకొనవలసినది నీవే అని దేవునితో చెప్పి, అక్కడితో దానిని విడిచిపెట్టేవారు. దానినే పట్టుకొని కుములుట వినయము కాదని ఆయన ఎరుగుదురు.

పెనములో ఆమ్లెట్టును త్రిప్పునప్పుడు దేవుని మీది ప్రేమతోనే త్రిప్పేవారు. అది దించిన తరువాత వేరే పని లేకుంటే అక్కడే నేలమీద సాగిలపడి, ఆ పని చేయుటకు కృప ఇచ్చినవానికి మ్రొక్కేవారు. నేలమీద పడియున్న గడ్డిపోచను ఆయన నిమిత్తము ఏరుట కూడ చాలుననేవారు. పెద్ద కార్యములు చేయగలవారు చేయుదురు, నావంటివాడు చేయగలిగినది ఇంతేనను ధోరణి. మునుపు వెగటుగా ఉండిన వంట పని ఈ విధముగా ఆయనకు తేలికైనది. పని వేళకు, ప్రార్థన వేళకు తనకు తేడా తెలియకుండ పోయినదని, ఆ గోలలో కూడ మోకాళ్లమీద ఉన్నంత నెమ్మదిగా ఉందునని ఆయన చెప్పినట్లు వ్రాసియున్నది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. ఈ మాట చదివిన క్రొత్తలో నాకు మంచి సాకు దొరికినట్లయినది. వంటలోనే ప్రార్థన గదా అని వేకువ ప్రార్థన మానివేశాను. కొన్ని నెలలలో వంటలోను ప్రార్థన లేకపోయినది, విడిగాను లేకపోయినది. మరల పుస్తకము తెరచి చూస్తే సంగతి తెలిసినది. లారెన్సుగారు మఠపు ప్రార్థనా గంటలను ఎగవేసినవారు కారు. వేళకు వెళ్లి కూర్చుండేవారు. తొలి సంవత్సరములలో ఆ గంటలయందే దేవుడున్నాడను సత్యమును మనస్సునకు పట్టించుకొని, ఆ తలంపుతో లేచి వంటశాలకు పోయేవారు. వేరే గంట అక్కరలేదనిపించుట ఎన్నో ఏండ్ల అభ్యాసము తరువాత వచ్చిన ఫలము. అప్పుడును పెద్దల ఆజ్ఞప్రకారము ఆ గంట పాటించుచునే ఉన్నారు. నేను చెట్టు నాటకుండ కాయ కోయబోతిని.

కాలక్రమమున కాలిలో వ్రణము పుట్టి నిలువలేని స్థితి వచ్చుటచేత ఆయనను వంటనుండి తీసి, కూర్చుండి చేయు పనిలో పెట్టారు. అది సహోదరులకు చెప్పులు కుట్టు పని. మన దేశములో తరతరములుగా తక్కువచూపుతో చూచిన ఈ పని ఆ మఠములో ఒక భక్తుని చేతికి వచ్చినది. వంటశాలలో చేయి తక్కువైనప్పుడు మాత్రము మరల అక్కడికి పోయేవారు.

ఆయనకు వంటకంటెను కష్టమైన పని మరొకటి ఉండేది, బేరము. మఠమునకు కావలసిన ద్రాక్షారసము కొనుటకు 1665లో ఓవెర్న్ సీమకు, 1666లో బుర్గుండీ సీమకు ఆయననే పంపారు. లెక్కలు రావు, వ్యాపారము తెలియదు. కుంటి కాలితో పడవలో నడువలేక, పీపాల మీద దొర్లుకొనుచు ఇటునుండి అటు పోవలసి వచ్చేది. ఆ దృశ్యము తలంచుకొంటే నాకు నవ్వు ఆగదు. ఆయనకు మాత్రము కొనుగోలు గూర్చి దిగులు లేదు. ఇది నీ పని ప్రభువా అని దేవునికి చెప్పి చేయగలిగినది చేశారు. తరువాత చూస్తే పని చక్కగా జరిగియున్నది. ఎట్లు జరిగినదో తనకే తెలియదన్నారు. దేవునికి అప్పగించితే బేరములన్నియు లాభమగునని ఆయన చెప్పలేదు. లాభనష్టముల దిగులు లేకుండ పీపాల మీద దొర్లుట నేర్చుకొన్నారు, అంతమట్టుకే.

బుర్గుండీనుండి వచ్చిన ఆ సంవత్సరమే ఆయనను గూర్చి మనకు తెలియుటకు కారకుడైన మనుష్యుడు వచ్చాడు. జోసెఫ్ ద బోఫోర్ అను పాదిరి 1666 ఆగస్టు 3న ఆయనను మొదటిసారి కలిసికొన్నారు. మరుసటి సంవత్సరము నవంబరు వరకు నాలుగుసార్లు సంభాషణ జరిగినది. చెట్టు సంగతి, గాజు సామాను పగులగొట్టిన సంగతి, పీపాల సంగతి, నరక భయము సంగతి ఇవన్నియు బోఫోర్‌గారు విని వ్రాసికొన్నవే. పెద్ద చదువులు చదివిన గురువు ఒకరు చెప్పులు కుట్టువానియొద్ద కూర్చుండి ప్రార్థన నేర్చుకొన్నారు.

క్రమముగా ఆయన పేరు మఠము గోడలు దాటినది. దూరప్రాంతములవారు ఉత్తరములు వ్రాసి సలహా అడుగసాగారు. ఆయన వ్రాసిన ఉత్తరములలో 16 మిగిలియున్నవి. వాటిలో ఒక దానిలో యుద్ధమునకు పోవు యువకుని ప్రస్తావన వచ్చును. కత్తి చేతబట్టి నడుచునప్పుడు కూడ హృదయమును ఒక్క క్షణము దేవుని వైపు ఎత్తుట చాలునని, ఎవరును దానిని చూడరని వ్రాశారు. తానును ఒకప్పుడు ఆ కత్తి పట్టినవాడే గదా. ప్రార్థనలో మనస్సు నిలువదని బాధపడిన ఒకరికి, ఎక్కువ మాటలు పెట్టుకొనవద్దని, ధనికుని వాకిట కూర్చున్న మూగ బిచ్చగానివలె దేవునియెదుట ఊరక ఉండుమని సలహా ఇచ్చారు. బిచ్చగాండ్లు అరుగుమీద కూర్చుండుట చూచిన మనకు ఈ పోలిక వివరింపనక్కరలేదు. వ్యాధిగ్రస్తులకు ఆయన వ్రాసిన ఉత్తరములు మాత్రము కొంచెము కఠినముగా ఉండును; నొప్పి తీయమని కాదు, ఓర్చుకొను బలము కొరకు ప్రార్థించెదనని వ్రాసేవారు. నొప్పితో మూలుగు మనిషికి ఆ మాట చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. చెప్పినవాడు పుండు కాలితో ఏండ్ల తరబడి పని చేసినవాడు గనుక ఆయన నోట అది చెల్లినది.

చివరి ఉత్తరము 1691 ఫిబ్రవరి 6న వ్రాశారు. కొద్ది దినములలో ప్రభువును చూచు భాగ్యము కలుగునని అందులో ఆశపడ్డారు. ఆ వెంటనే మంచము పట్టారు. ఫిబ్రవరి 12, సోమవారము ఉదయము, పెనుగులాట లేకుండ కన్ను మూశారు. మఠములో గడిపినది 50 సంవత్సరములకు పైమాట.

మన సంచికలో ఒక కాథొలిక్ సన్యాసిని గూర్చి ఎందుకని ఎవరైన అడుగవచ్చును. ఆయన మరణించిన మరుసటి సంవత్సరము, 1692లో, బోఫోర్‌గారు ఆయన వ్రాతలను, ఉత్తరములను అచ్చు వేయించారు. 1694లో సంభాషణలను కూడ ప్రచురించారు. అయితే కొద్ది కాలములోనే ఫ్రాన్సు దేశపు సంఘములో మౌనప్రార్థనను గూర్చి పెద్ద వివాదము చెలరేగి, ఆయనను ప్రమాణముగా చూపిన ఫెనెలోన్ బిషపుగారి పుస్తకమునే 1699లో పోపుగారు ఖండించారు. ఆ గాలిలో లారెన్సుగారి చిన్న పుస్తకము మరుగున పడినది. దానిని భద్రపరచి అచ్చు వేసినవారిలో ప్రొటెస్టెంట్లు ఉన్నారు. జాన్ వెస్లీగారు తన బోధకుల కొరకు, సంఘస్థుల కొరకు ఏర్చికూర్చిన క్రైస్తవ గ్రంథమాలలో ఆయన మాటలు చేర్చారు. ఏ రెండు పక్షములు యుద్ధము చేయుచుండగా ఆయన కాలు పోయినదో, ఆ రెండు పక్షములవారును ఇప్పుడు ఆయన పుస్తకమును పడకయొద్ద పెట్టుకొందురు.

ఆయన మఠపు గుడి పారిసులో ఇప్పటికిని ఉన్నది. పుస్తకము చాల చిన్నది. ఆదివారము ఆరాధన తరువాత మొదలు పెడితే సాయంకాలపు కూడికలోగా ముగియును. దేవుని సన్నిధిలో నిలుచుట ఎట్లు అలవాటైనదో చెప్పుమని బహుగా బ్రతిమాలిన ఒకరికి వ్రాసిన ఉత్తరము అందులో ఉన్నది. దానిని ఎవరికిని చూపకూడదను షరతుమీదనే వ్రాయుచున్నానని, చూపుదురని తెలిస్తే ఒక్క అక్షరమైనను వ్రాసియుండనని ఆయన స్పష్టముగా చెప్పారు. ఆ ఉత్తరము అందుకొన్నవారు ఆ మాట నిలుపుకొనలేదు. వారు తప్పు చేశారని నేను అనలేను.